బరువు తగ్గే దారిలో జారిపడితే: బెంగళూరు తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం పొద్దున కైకొండ్రహళ్ళి చెరువు చుట్టూ నడిచే తెలుగువాళ్ళం ఒక పాతిక మందిమి ఉన్నాం. మారతహళ్ళి, బెళ్ళందూరు, హెచ్ఎస్ఆర్ లేఅవుట్ నుంచి వస్తుంటారు. నాలుగేళ్ళుగా వాట్సాప్ గ్రూపులో అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి. బరువు ఎలా తగ్గాలని అడిగేవాళ్ళు తక్కువ, అదంతా యూట్యూబ్ ఎప్పుడో చెప్పేసింది. "బాగానే తగ్గుతున్నా, మధ్యలో పాడుచేసుకున్నా, ఇప్పుడేంటి?" అనే వస్తుంది ప్రతిసారీ. నేను డాక్టర్ని కాదు. 96 కిలోల దగ్గర మొదలుపెట్టి, మూడుసార్లు తగ్గి, రెండుసార్లు మళ్ళీ పెరిగి, ప్రస్తుతం 82 దగ్గర ఉన్న టెస్టింగ్ ఇంజనీర్ని. మీ ప్రశ్న ఏదో దాని దగ్గరికే నేరుగా వెళ్ళిపోండి, వరసగా చదవక్కర్లేదు.

## మొదటి రెండు నెలలు

నిన్న పెళ్ళి భోజనం, ఒక్క పూటే. పొద్దున మిషన్ ఎక్కితే 1.8 కిలోలు ఎక్కువ చూపిస్తోంది. నెల కష్టం పోయినట్టేనా?

పోలేదు. లెక్క చూడండి. ఒంట్లో కిలో కొవ్వు చేరాలంటే ఖర్చయ్యేదానికి మించి సుమారు 7,700 కేలరీలు తినాలి. 1.8 కిలోలంటే దాదాపు 14,000. గారెలు, పులిహోర, బొబ్బట్లు, మొహమాటానికి రెండోసారి వేయించుకున్న పనసపొట్టు కూర అన్నీ కలిపినా అందులో పావు వంతు చేరడం కష్టం.

మరి పెరిగింది ఏమిటంటే, చాలావరకు నీళ్ళు. అన్నం, స్వీట్ల నుంచి వచ్చిన పిండిపదార్థాన్ని శరీరం గ్లైకోజన్‌గా మార్చి కండరాల్లో, కాలేయంలో దాచుకుంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజన్‌తో పాటు సుమారు 3 గ్రాముల నీళ్ళు కూడా నిలుస్తాయి. పెళ్ళి వంటల్లో ఉప్పు ఎక్కువ, అది ఇంకొంచెం నీరు పట్టి ఉంచుతుంది. పైగా తిన్నదాంట్లో కొంత ఇంకా కడుపులోనే ఉంది. మామూలు తిండికి వచ్చేస్తే మూడు నాలుగు రోజుల్లో దిగిపోతుంది. ఆడవాళ్ళకి నెలసరి ముందు కూడా ఇలాగే నీరు చేరి తూకం పెరగొచ్చు. ఆ నాలుగు రోజులూ మిషన్ జోలికి వెళ్ళకపోతే మంచిది, ఊరికే టెన్షన్.

పొద్దున ఒక్క మైసూర్ పాక్ తిన్నానంటే "ఎలాగూ పాడైంది కదా" అని రాత్రిదాకా తింటూనే ఉంటాను. నాకొక్కదానికేనా ఇలా?

మీకొక్కరికే అయితే దీనిమీద ప్రయోగాలు చేసేవాళ్ళు కాదు. 1975లో హెర్మన్, మాక్ అనే ఇద్దరు పరిశోధకులు కొంతమందికి ముందు మిల్క్‌షేక్ తాగించి, ఆ తర్వాత రుచి చూసి చెప్పమని ఐస్‌క్రీమ్ ఇచ్చారు. తిండి విషయంలో కట్టడి లేనివాళ్ళు మిల్క్‌షేక్ తాగాక ఐస్‌క్రీమ్ తక్కువ తిన్నారు, కడుపు నిండింది కాబట్టి. ఎప్పుడూ నోరు కట్టుకుని ఉండేవాళ్ళు మాత్రం మిల్క్‌షేక్ తాగాకే ఎక్కువ తిన్నారు. నియమం తప్పింది కాబట్టి ఇక ఈ రోజుకి నియమమే లేదని మనసు తీర్మానించేసుకుంటుంది.

అంటే ఆ రోజు దెబ్బ కొట్టేది మైసూర్ పాక్ ఒక్కటే అయ్యుండదు. "స్వీట్లు అస్సలు తినను" అని పెట్టుకున్న నియమానికీ అందులో వాటా ఉంది. మా గ్రూపులో ఒకావిడ దాన్ని "వారానికి రెండు" అని మార్చుకున్నారు. ఇప్పుడు ఆవిడ స్వీటు తింటే తప్పు చేసినట్టు లెక్క కాదు, రెండింట్లో ఒకటి అయిపోయినట్టు. రోజంతా తినడం దాంతో చాలావరకు తగ్గింది.

సరే, సోమవారం నుంచి మళ్ళీ మొదలుపెడతాను. ఓకేనా?

ఇవాళ గురువారం. తర్వాతి పూట నుంచి మొదలుపెట్టండి.

రాత్రి పదిన్నరకి ఫోన్ తీసి బిర్యానీ ఆర్డర్ పెట్టకుండా ఉండలేకపోతున్నా. నాకు విల్ పవర్ లేదంటారా?

ఈ పేజీ మొత్తంలో నాకు బాగా తెలిసిన ప్రశ్న ఇదే. ఏడాదిన్నర పాటు నేనూ విల్ పవర్‌నే తిట్టుకున్నాను.

ఆఫీసులో సర్వర్ పడిపోతే మనం ఏం చేస్తాం? ఎవడు పడగొట్టాడని కేకలు వేయడం పాతకాలం మేనేజర్ల పని. లాగ్స్ (సర్వర్ నిమిషం నిమిషం రాసుకునే చిట్టా) తెరిచి, అలారం మోగిన క్షణం నుంచి వెనక్కి వెళ్తూ మొదటి తేడా ఎక్కడ కనిపించిందో వెతుకుతాం. ఒక బుధవారం రాత్రి, బిర్యానీ డబ్బా ఇంకా టేబుల్ మీద ఉండగానే, అదే పని నా రోజు మీద చేశాను. పదిన్నరకి బిర్యానీ. తొమ్మిదిన్నరకి ఇంటికి చేరాను, ఔటర్ రింగ్ రోడ్డు మీద గంటా ఇరవై నిమిషాలు క్యాబ్‌లో కూర్చుని. ఐదింటికి టీ, నాలుగు బిస్కెట్లు. మధ్యాహ్నం ఒంటి గంటకి విదేశీ క్లయింటుతో కాల్, అది రెండున్నరదాకా సాగింది. కిందకి వెళ్తే కెఫెటీరియాలో కూరలు అయిపోయాయి, ఒక సమోసాతో సరిపెట్టాను. తప్పు రాత్రి పదిన్నరకి జరిగిందని అన్నాళ్ళూ అనుకున్నాను. అది మధ్యాహ్నం ఒంటి గంటకే జరిగిపోయింది. రాత్రి ఇంటికొచ్చింది పొద్దుటి నుంచీ సరిగ్గా తిననివాడు. వాడి చేతికి ఫోన్ ఇస్తే పెరుగన్నం తింటాడా?

ఆ తర్వాత నేను మార్చింది రెండే. కాల్ ఉన్న రోజుల్లో పన్నెండింటికే తినేస్తాను. సాయంత్రం క్యాబ్ ఎక్కేముందు రెండు ఉడకబెట్టిన గుడ్లో, ఒక డబ్బా ఉడికించిన శనగలో లోపల పడాలి. బిర్యానీ మానేస్తానని ఒట్టు పెట్టుకోలేదు. వారంలో నాలుగు రాత్రుళ్ళు ఉన్నది నెలకి రెండుకి వచ్చింది.

మీ ఒంటి గంట వేరేచోట ఉండొచ్చు. నైట్ షిఫ్ట్ వాళ్ళకి నిద్ర చాలకపోవడం, కొందరికి ఇంటి నుంచి వచ్చిన ఒక ఫోన్ కాల్. ఏదైనా, జారిన చోటు నుంచి పది గంటలు వెనక్కి వెళ్ళి చూడండి.

డైరీ రాయమంటారు. కేలరీలు లెక్కపెట్టడం నా వల్ల కాదు. ఏం రాయాలి?

కేలరీలు వదిలేయండి. అనుకోకుండా ఎక్కువ తిన్నప్పుడు మాత్రం నాలుగు ముక్కలు: టైమ్ ఎంత, ఎక్కడున్నారు, అంతకుముందు ఎప్పుడు తిన్నారు, అప్పుడు మనసెలా ఉంది. ఫోన్‌లో మీకు మీరే మెసేజ్ పెట్టుకున్నా చాలు. నా పాత నోట్‌లో ఒకటి: "శుక్రవారం 6:10, ప్యాంట్రీ, కేకు మూడు ముక్కలు, ఎవరిదో పుట్టినరోజు, లంచ్ 12:15, అప్రైజల్ చిరాకు." మూడు నెలలు రాశాక చూస్తే పద్నాలుగు నోట్లలో తొమ్మిది శుక్రవారం సాయంత్రాలే. దాని గురించి నాకు అంతకుముందు అణువంత కూడా తెలియదు. "ఛీ, మళ్ళీ తిన్నాను" లాంటివి రాయకండి, వాటి నుంచి తెలిసేది ఏమీ ఉండదు.

సంబంధాలు చూస్తున్నారు. రెండు నెలల్లో 15 కిలోలు తగ్గాలని మొదలుపెట్టి మూడో వారానికే చేతులెత్తేశాను. మళ్ళీ ప్రయత్నించనా?

ఆ లెక్కతో వద్దు. వారానికి కిలోన్నర దాటి తగ్గేవాళ్ళకి పిత్తాశయంలో రాళ్ళు ఏర్పడే ప్రమాదం పెరుగుతుంది, కండ కరుగుతుంది, రెండు మూడు నెలలయ్యాక జుట్టు రాలడం మొదలవుతుంది. పెళ్ళిచూపులకి జుట్టు కూడా కావాలి. వారానికి అర కిలో చొప్పున తగ్గినా రెండు నెలల్లో 4 కిలోలు, ముఖంలో తేడా తెలుస్తుంది. మూడో వారంలో చేతులెత్తేయడం ఒంటికి ఉన్న తెలివి.

## పీజీ, ఊరు, వీకెండ్

పీజీలో (పేయింగ్ గెస్ట్ హాస్టల్లో) వండిందే తినాలి. ఓ గుట్ట అన్నం, నీళ్ళ సాంబారు, బంగాళదుంప వేపుడు. వారం కూడా నిలబడలేకపోతున్నా.

పీజీ వంటమనిషిని మార్చలేం. పళ్ళెంలో ఏది ముందు వెళ్తుందో మార్చొచ్చు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకి 2,000 కేలరీల పళ్ళెం ఒకటి ఉంది. అందులో బియ్యం, గోధుమ, చిరుధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400 గ్రాములు. పీజీ భోజనంలో మొదటిది రెట్టింపు, మిగిలిన రెండూ దాదాపు లేనట్టే. ఆకలి తీరక రాత్రి మిక్చర్ ప్యాకెట్ విప్పుతారు, అక్కడ జారతారు.

గదిలో పెట్టుకోవడానికి వీలైనవి: గుడ్లు ఉడికించే చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్ (ఓనరు ఒప్పుకుంటే), పెరుగు, వేయించిన శనగలు, కీరా, టమాటా, జామకాయలు. వేరుశనగలు మాత్రం గుప్పెడు తీసుకుని డబ్బా మూసి బీరువాలో పెట్టండి. డబ్బా ఒళ్ళో ఉంటే అయిపోయేదాకా చెయ్యి ఆగదు, అనుభవం.

సంక్రాంతికి ఊరెళ్తే మూడు రోజుల్లో అంతా పోతుంది. తిననంటే అమ్మ బాధపడుతుంది. ఏం చేయాలి?

ఊళ్ళో బస్సు దిగగానే "డైట్‌లో ఉన్నా" అనకండి. ఆ మాట వినగానే అమ్మకి మీరు బెంగళూరులో తిండిలేక చిక్కిపోయారని ఖాయమైపోతుంది, వడ్డన రెట్టింపవుతుంది. మా అమ్మతో నాకు పనిచేసిన ఉపాయం, తిననని చెప్పకుండా ఫలానాది కావాలని అడగడం. "అమ్మా, తోటకూర పప్పు తిని ఎన్నాళ్ళయిందో, ఇక్కడ ఆ రుచి రాదు. బీరకాయ పచ్చడి చెయ్యవూ." చేసిపెట్టిన తృప్తి ఆవిడది. అరిసెలు తినండి, కూర్చుని, అందరితో కలిసి. అటక మీద డబ్బా దగ్గర నిలబడి తిన్నవి లెక్కకి రావు, గుర్తుకీ రావు, ఒంటికి మాత్రం వస్తాయి.

తిరుగు ప్రయాణంలో ఇచ్చే డబ్బాలది అసలు సమస్య. పండగ మూడు రోజులే, ఆ డబ్బాలు మూడు వారాలు. మడివాళలో బస్సు దిగిన రోజే సగం ఆఫీసుకి పట్టుకెళ్ళండి. ఊళ్ళో ఉన్న రోజుల్లో తగ్గాలని అసలు పెట్టుకోకండి, పొలం గట్టు మీదో, కాలవ పక్కనో అరగంట నడిస్తే చాలు.

ఐదు రోజులు బుద్ధిగా ఉంటాను, శని ఆదివారాలే బయట తింటాను. అయినా తూకం కదలదేం?

రోజుకి 400 చొప్పున ఐదు రోజుల్లో 2,000 కేలరీలు తగ్గించారనుకోండి. శని, ఆదివారాలు రోజుకి 1,000 ఎక్కువ తింటే అదీ 2,000. వారం చివర సున్నా. ఆంధ్రా భోజనం హోటల్లో వెయ్యి దాటడం పెద్ద కష్టమేం కాదు. కందిపొడి అన్నంలో వేసే నెయ్యి ఒక టేబుల్ స్పూను 120 కేలరీల పైమాటే, ఆ పిల్లాడు గిన్నె పట్టుకుని మూడుసార్లు వస్తాడు. నెయ్యి ఒక్కసారి వేయించుకోండి, మనస్ఫూర్తిగా. రెండు రోజుల్లో ఒక్క పూటే బయట అనుకుంటే చాలామందికి లెక్క మళ్ళీ కుదురుతుంది.

"బాగా ఒళ్ళు చేశావే" అని చుట్టాలు అంటుంటే పంతానికి ఇంకా తింటాను. ఏం సమాధానం చెప్పాలి?

"అవును పిన్నీ, మీరెలా ఉన్నారు?" అని మాట మార్చేయండి. మా గ్రూపులో ఎవరి దగ్గరా ఇంతకన్నా మంచి జవాబు లేదు.

## తూకం ఆగిపోయాక

6 కిలోలు తగ్గాను. ఐదు వారాలుగా అక్కడే ఆగిపోయింది. అంతే తింటున్నాను, అంతే నడుస్తున్నాను.

రెండు సంగతులు జరిగి ఉండొచ్చు. ఒకటి, తేలికైన ఒంటికి ఖర్చు తక్కువ. 90 కిలోలప్పుడు తగ్గించిన తిండి 84 కిలోల మనిషికి సరిపోయే తిండి కావొచ్చు. రెండోది, "అంతే" అనేది కొలతలో జారిపోతుంది. గ్లాసు బియ్యం గ్లాసున్నర అవుతుంది, చెంచా నూనె గరిటె అవుతుంది. ఇందులో మోసమేమీ లేదు, చెయ్యి అలవాటు పడుతుందంతే.

దీనికి నాకు నచ్చిన పరీక్ష నూనె ప్యాకెట్. పోషకాహార సంస్థ పళ్ళెంలో మనిషికి రోజుకి నూనె, కొవ్వులు 27 గ్రాములు. లీటరు నూనె తూకం సుమారు 910 గ్రాములు. ఇంట్లో ఇద్దరుంటే అది కనీసం 16, 17 రోజులు రావాలి. ప్యాకెట్ కత్తిరించిన రోజు దానిమీదే పెన్నుతో తారీకు వేయండి. మా ఇంట్లో మొదటిసారి తొమ్మిది రోజులకే అయిపోయింది. మా ఆవిడ, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. పోపుకి ఎంత, వేపుడుకి ఎంత అని అప్పుడు చూశాం. తూకం కదలడానికి ఇంకేమీ మార్చాల్సి రాలేదు.

రోజువారీ అంకె చూసి ఆగిందని తేల్చకండి. ఏడు రోజుల సగటును పోయిన నెల సగటుతో పోల్చండి. టేపుతో నడుము కూడా కొలవండి. మనవాళ్ళకి మగవాళ్ళలో 90, ఆడవాళ్ళలో 80 సెంటీమీటర్లు దాటితే ప్రమాదం అంటారు. మిషన్ ఆగినా టేపు తగ్గుతూ ఉంటే ఏమీ ఆగలేదన్నమాట.

జిమ్‌లో చేరిన రెండు వారాల్లో కిలో పెరిగాను. మానేయనా?

మానేయకండి. కొత్తగా బరువులు ఎత్తినప్పుడు కండరాలు కోలుకుంటూ నీరు పట్టి ఉంచుతాయి. ఇంకో నెల చూడండి.

మోకాలి నొప్పితో నడక ఆగింది. మూడు వారాల్లో 2 కిలోలు వచ్చేశాయి. నడక లేకపోతే ఇక అంతేనా?

80 కిలోల మనిషి గంటసేపు చురుగ్గా నడిస్తే సుమారు 280 కేలరీలు ఖర్చవుతాయి. వెన్న కారుతున్న ఒక మసాలా దోసె దాన్ని సులువుగా మింగేస్తుంది. నడక ఆగినందుకు పెరిగింది కొంచెమే అయ్యుంటుంది. నడక పోయిందన్న దిగులుతో సాయంత్రం ఆరింటికి చేతులు ఖాళీగా ఉండి తిన్నది ఎక్కువ ఉంటుంది. ఆ గంటకి ఇంకో పని చూసుకోండి. కుర్చీలో కూర్చుని చేసే వ్యాయామాలు ఫిజియోథెరపిస్టు నేర్పిస్తారు. వానాకాలం సాయంత్రాలకి కూడా ఇదే మందు. వారానికి 150 నిమిషాల ఒళ్ళు కదిలే పని అనేది పెద్ద లక్ష్యం, మోకాలు కుదిరాక పది నిమిషాలతో అక్కడికి చేరండి.

## తగ్గిందంతా తిరిగొచ్చాక

11 కిలోలు తగ్గి 13 పెరిగాను. మళ్ళీ మొదలుపెట్టాలంటే సిగ్గుగా ఉంది. అసలు నిలబెట్టుకున్నవాళ్ళు ఉన్నారా?

ఉన్నారు. అమెరికాలో 1994 నుంచి అలాంటివాళ్ళ జాబితా ఒకటి నడుస్తోంది. కనీసం 13.6 కిలోలు తగ్గి, ఏడాదికి పైగా నిలబెట్టుకున్నవాళ్ళే అందులో చేరతారు. వాళ్ళలో ఎక్కువమంది అంతకుముందు తగ్గే ప్రయత్నాల్లో ఓడిపోయినవాళ్ళే. వాళ్ళలో చాలామంది పొద్దున టిఫిన్ మానరు, వారానికి ఒకసారైనా తూకం చూసుకుంటారు, రోజూ గంటసేపు ఒళ్ళు కదిలిస్తారు. వినడానికి చప్పగా ఉంది కదా.

శరీరం కూడా ఊరుకోదు. టీవీ పోటీలో విపరీతంగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ళ తర్వాత పరీక్షించి 2016లో ఫలితాలు వేశారు. వాళ్ళ ఒంటికి ఉన్న బరువుకి ఎంత ఖర్చు కావాలో, దానికన్నా సగటున రోజుకి సుమారు 500 కేలరీలు తక్కువ ఖర్చవుతున్నాయి. తిరిగి పెరగడం పూర్తిగా మీ బద్ధకం కాదని చెప్పడానికే ఇదంతా.

నేను మూడోసారి మొదలుపెట్టే ముందు ఒక కాగితం మీద పాత రెండు ప్రయత్నాలూ రాశాను. మొదటిసారి అన్నం పూర్తిగా మానేశాను, నాలుగు నెలలు నిలిచింది. రెండోసారి రోజూ పొద్దున ఐదింటికి జిమ్, ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజుల సీజన్ రాగానే పోయింది. అన్నీ పోయాక కూడా మిగిలిన అలవాటు ఏదైనా ఉందా అని చూస్తే, ఒకటే: టీలో చక్కెర. రెండేళ్ళ క్రితం మానేసింది మళ్ళీ రాలేదు, ఎందుకంటే దానికోసం నేను ఏ రోజూ తంటాలు పడలేదు. మూడోసారి అలా ఉండగలిగినవే పెట్టుకున్నాను. మధ్యాహ్నం అన్నం కప్పుకి తగ్గింది, పోలేదు. మీ కాగితం మీద ఏం మిగిలిందో చూసి అక్కడి నుంచి మొదలుపెట్టండి. పాత ప్లాన్‌నే ఈసారి ఇంకా గట్టిగా చేస్తానంటే, పాత చోటే ఇంకా గట్టిగా పడతారు.

బరువు తగ్గే ఇంజెక్షన్ ఆరు నెలలు తీసుకుని ఆపేశాను. మళ్ళీ పెరుగుతున్నాను. నా తప్పా?

మన దేశంలో మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ అదే ఏడాది జూన్‌లో వచ్చాయి. వెగోవీలో ఉండే సెమాగ్లూటైడ్ మీద జరిగిన ఒక పెద్ద పరీక్షలో, మందు ఆపేశాక ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. మందు ఆకలిని అణచిపెట్టింది, మందు ఆగితే ఆకలి వచ్చింది. బీపీ మాత్ర ఆపితే బీపీ పెరిగినట్టే. మళ్ళీ మొదలుపెట్టాలా వద్దా అన్నది రాసిచ్చిన డాక్టర్‌తో మాట్లాడాల్సిన విషయం, స్నేహితుడి దగ్గర మిగిలిన పెన్ను తీసుకోవడం మాత్రం వద్దు.

ఎప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి?

తిండి మారకుండానే బరువు పెరుగుతుంటే థైరాయిడ్ చూపించుకోండి. నెలసరి గాడి తప్పితే పీసీఓడీ (అండాశయాల్లో వచ్చే హార్మోన్ల సమస్య) సంగతి అడగండి. గట్టిగా గురకపెట్టి, పగలంతా తూగుతుంటే నిద్రలో ఊపిరి ఆగే సమస్య ఉండొచ్చు. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, మానసిక సమస్యలకి వాడే కొన్ని మందులు బరువు పెంచుతాయి, వాటిని మీ అంతట మీరు ఆపకండి.

చాటుగా, ఆపలేనంతగా తిని, తర్వాత వాంతి చేసుకోవడమో రోజంతా పస్తుండటమో జరుగుతుంటే అది డైట్‌తో తేలేది కాదు. బెంగళూరులో హోసూరు రోడ్డు మీద నిమ్హాన్స్ అనే మానసిక ఆరోగ్య ఆసుపత్రి ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఈ మధ్య ఏమీ తగ్గలేదు, పైగా పెరిగాను. ఆదివారం నడకకి రావాలంటే మొహమాటంగా ఉంది. రావొచ్చా?

రండి. పొద్దున ఆరున్నరకి సర్జాపుర రోడ్డు వైపు గేటు దగ్గర ఉంటాం. మిషన్ ఎవరూ తీసుకురారు. నడిచాక పక్కనున్న దర్శినికి (నిలబడి తినే చిన్న టిఫిన్ హోటల్) వెళ్తాం. ఇడ్లీ తినేవాళ్ళు ఇడ్లీ తింటారు, మసాలా దోసె తినేవాళ్ళు ఇంకొకరిని వెతుక్కుని సగం సగం చేసుకుంటారు. కాఫీ బై టూ.